సలాంలో కూడా కంజూసీయేనా భాయ్?

అస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.

పూర్తిగా రాశాను. చెయ్యి నొప్పి పుట్టలేదు. ఫోన్ చార్జింగ్ అయిపోలేదు. ఎన్ని గుర్తులు పడ్డాయో లెక్కపెట్టాను కూడా. తెలుగులో అక్షరాలు, గుణింతాలు, పొల్లులు, మధ్యలో ఖాళీలు అన్నీ కలిపితే 42. ఇవాళ నా గొడవంతా ఈ 42 గుర్తుల గురించే. వాటిని మనం నాలుగు చేశాం. ఆ మిగిలిన 38తో ఏం మేడలు కట్టామో ఎవరైనా చెబితే వింటాను.

మొన్న మామిడి కోతల రోజుల్లో విస్సన్నపేట వెళ్లాను. అమ్మీ వరండాలో కూర్చుని కళ్ళజోడు సర్దుకుంటూ ఫోన్ చూస్తోంది. ఆమెకు ఉర్దూ చదవడం బాగా వచ్చు. తెలుగు బస్సు బోర్డుల వరకూ వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం అసలు రావు. హైదరాబాదులో చదువుకుంటున్న మా భాంజా నుంచి మెసేజ్ వచ్చింది.

"క్యా లిఖ్యా రే ఇనే? చదువు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

ఏ, ఎస్, ఏ, కె. దాని పక్కన హెచ్, ఆర్, యూ. ఆ పక్కన ఒక ఎర్ర గుండె.

"సలాం చేశాడమ్మీ. ఎలా ఉన్నావని అడుగుతున్నాడు."

"సలాం ఎక్కడుంది?"

వేలు పెట్టి చూపించాను. ఆమె కాసేపు ఆ నాలుగు అక్షరాల వంకే చూసింది. తర్వాత అడిగింది: "మరి నేను జవాబ్ ఎన్ని అక్షరాల్లో ఇయ్యాలి?"

నేను డిగ్రీలో తెలుగు చదివాను. ఇరవై ఏళ్ళుగా మాటల మీదే బతుకుతున్నాను. ఆ సవాల్‌కు నా దగ్గర జవాబు లేదు. అమ్మీ మైకు బొమ్మ మీద వేలు నొక్కి పట్టుకుంది. "వ అలైకుమ్ అస్సలాం వ రహ్మతుల్లాహి వ బరకాతుహు, జీతే రహో బేటా, తిన్నావా? ఎండలో తిరగొద్దు. రసాలు పండబెట్టా, ఎవరైనా వచ్చేవాళ్ళుంటే పంపిస్తా..." ఇలా ఫోన్ ఆగిపోతుందేమో అన్నంత ప్రేమగా మాట్లాడింది. రెండు నిమిషాల తర్వాత మనవడి నుంచి జవాబ్ వచ్చింది. ఒక పసుపుపచ్చ బొటనవేలు.

అమ్మీ ఏమీ అనలేదు. ఫోన్ పక్కన పెట్టి మామిడికాయల బుట్ట దగ్గరకు వెళ్లిపోయింది. ఆమె అనలేదు కాబట్టి నేను అంటున్నాను.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. పొట్టిగా రాయడం పాపమని చెప్పడానికి నేను రాలేదు. ఫోన్‌లో బొమ్మలు హరామ్ అనే బాపతు కూడా కాదు నేను. మస్జిద్‌కు ఇంగ్లీషులో వాడే మాటకు దోమలతో సంబంధం ఉందనీ, మక్కాను ఫలానా స్పెల్లింగులో రాస్తే సారాకొట్టు అని అర్థమనీ, మహమ్మద్ పేరును పొట్టిగా రాస్తే తిట్టు అవుతుందనీ ఏళ్ళ తరబడి తిరుగుతున్న మెసేజ్‌లు మీకూ వచ్చి ఉంటాయి. అవన్నీ ఝూట్. ఇంగ్లీషువాళ్ళ ఆ మాట మన మస్జిద్ అనే అరబీ మాటే, యూరప్ భాషల మీదుగా నోళ్ళు మారుతూ పోయి అలా తయారైంది. అలాంటివి పది మందికి తోసి సవాబ్ వచ్చిందనుకునే వాళ్ళతో నన్ను జమ కట్టకండి.

పొట్టి మాటలు ఎందుకు పుట్టాయో నాకు తెలుసు. 1980లలో ఫోన్‌లో సందేశం ఎంత పొడుగు ఉండాలి అనే సవాల్ వచ్చినప్పుడు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే జర్మన్ ఇంజనీరు పోస్టుకార్డుల మీద జనం ఎంత రాస్తారో చూశాడు. 160 అక్షరాలు చాలని తేల్చాడు. 1992 డిసెంబర్ 3న ఇంగ్లండులో మొదటి మెసేజ్ వెళ్లింది. అది క్రిస్మస్ ముబారక్. అందులో ఒక్క అక్షరం కూడా తగ్గించలేదు, రెండు మాటలూ పూర్తిగానే రాశారు. ఆ 160 ఇంగ్లీషు లెక్క. అదే మెసేజ్ తెలుగులోనో ఉర్దూలోనో కొడితే 70కే నిండిపోయేది. "స్త్రీ" అని మనం ఒక్క అక్షరంగా చూసేదాన్ని ఫోన్ ఆరుగా లెక్కపెట్టేది. పైగా మెసేజ్‌కు ఇంతని డబ్బు పడేది. ఈద్ రోజు, కొత్త సంవత్సరం రోజు మెసేజ్ ప్యాకులు పని చేసేవి కాదు, యాదుందా? బ్లాకవుట్ డే అనేవాళ్ళు. పండగ రోజే జేబు కోత. ఆ జమానాలో తెలుగు అక్షరాలు కనబడని ఫోన్లో, ఒక్కో మీటను మూడుసార్లు నొక్కి మెసేజ్ రాసిన వాడు సలాంను పొట్టి చేశాడంటే నేను మాఫ్ చేస్తాను. నేనూ చేశాను.

అంతకుముందు తంతి ఉండేది. మాటకింత అని లెక్క. పండగలకూ పెళ్ళిళ్ళకూ తయారు మాటలుండేవి, వాటికి నంబర్లుండేవి. ఈద్ ముబారక్‌కు కూడా ఒక నంబరు ఉండేది. ఆ నంబరు రాసిస్తే అవతలి ఊళ్ళో తంతి ఆఫీసువాళ్ళు దాన్ని విప్పి పూర్తి మాటలుగా ఇంటికి పంపేవాళ్ళు. ఈ తేడా గమనించండి. దారిలో పొట్టిగా వెళ్లింది, గడప దగ్గరకు నిండుగా చేరింది. విప్పుకునే కష్టం చదివేవాళ్ళ నెత్తిన పడలేదు. ఆ తంతి కూడా 2013 జూలైలో ఆగిపోయింది.

ఇప్పుడు ఏమైంది? మెసేజ్‌కు పైసా లేదు. 160 లేదు, 70 లేదు. మా అమ్మీ ఫోన్‌లో కూడా ఉర్దూ కనబడుతుంది, తెలుగు కనబడుతుంది. కరువు పోయింది. కరువు రోజుల కంజూసీ మాత్రం చేతికి అంటుకుపోయింది. పైగా నాకు నవ్వొచ్చే సంగతి చెప్పనా? ఆ పాత 70 గుర్తుల కరువులో కూడా పూర్తి సలాం 42తో ఇమిడిపోయేది. ఇంకా 28 మిగిలేవి, అమ్మీని తిన్నావా అని అడగడానికి. అంటే మనకు జాగా ఎన్నడూ తక్కువ కాలేదు.

సలాం అంటే హలో కాదు భాయ్. హలోకు అర్థం లేదు, పిలుపు మాత్రమే. సలాం దువా. నీ మీద సలామతీ ఉండాలని అల్లాను అడగడం. సూరా అన్నిసా 86వ ఆయత్ ఏం చెబుతోంది? మీకు ఎవరైనా సలాం చేస్తే దానికంటే మేలైన జవాబ్ ఇవ్వండి, లేదా కనీసం అంతే తిరిగి ఇవ్వండి అని దాని భావం. మా అమ్మీ ఆ ఆయత్‌ను దృష్టిలో పెట్టుకునే అడిగింది, ఎన్ని అక్షరాల్లో జవాబ్ ఇయ్యాలని. నాలుగు అక్షరాలకు తగ్గ జవాబ్ రెండో మూడో అక్షరాలైతే, ఈ లెక్క ఎక్కడికి పోతుంది? ఒక్కొక్కరూ ఇంకొంచెం తక్కువ ఇస్తూ పోతే చివరికి మిగిలేది బొటనవేలే. మిగిలింది కూడా అదే.

హదీస్‌లో ఇంకో లెక్క ఉంది. ఒకాయన వచ్చి అస్సలాము అలైకుమ్ అన్నాడు, హజ్రత్ ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం పది అన్నారు. ఇంకొకరు వ రహ్మతుల్లాహి కలిపారు, ఇరవై అన్నారు. మూడో ఆయన వ బరకాతుహు వరకూ చెప్పాడు, ముప్పై అన్నారు. నేకీల లెక్క. అంటే మన దీన్‌లో సలాం పొడుగైన కొద్దీ బరకత్ పెరుగుతుంది. మనం దాన్ని తిరగేశాం.

ఒక్క అక్షరం పోతే ఏమవుతుందిలే అనేవాళ్ళకు ఇంకొకటి. మదీనాలో కొందరు పగతో వచ్చి "అస్సామ్" అని గొణిగేవాళ్ళు. "లామ్" ఒక్కటి మింగేసేవాళ్ళు. సలాం అంటే శాంతి, సామ్ అంటే చావు. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా అది విని మండిపడటం, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆమెను నెమ్మదించమనడం బుఖారీలో ఉంది. మన పిల్లలు పగతో చేయడం లేదు, అది నాకు తెలుసు. బద్ధకంతో చేస్తున్నారు. కానీ మన తాతముత్తాతలు ఒక్క అక్షరం విషయంలో అంత హోషియార్‌గా ఎందుకున్నారో ఒక్కసారి ఆలోచించమంటున్నాను.

మా భాంజాను అడిగాను. వాడు తెలివైనవాడు, నా మీదకే తిప్పాడు. "మామూ, అబ్బా ఇన్‌లాండ్ లెటర్ల పైన 786 అని రాసేవారని నువ్వే చెప్పావు కదా. బిస్మిల్లాను మూడు అంకెలు చేస్తే తహజీబ్, నేను సలాంను నాలుగు అక్షరాలు చేస్తే బద్తమీజీయా?"

మంచి సవాల్. దబాయించి తప్పించుకోను. అబ్జద్ లెక్కలో అరబీ అక్షరం ప్రతిదానికీ ఒక అంకె ఉంటుంది. బిస్మిల్లా మొత్తం కూడితే 786 అని మన పెద్దల లెక్క. ఉత్తరం చదివాక చించేస్తారు, పొయ్యిలో వేస్తారు, కాళ్ళ కింద పడుతుంది. అల్లా పేరు అలా కాకూడదని అంకె రాశారు. కలం పట్టేముందు బిస్మిల్లా నోటితో పూర్తిగా చదివేవారు మా అబ్బా. అది సరైన పద్ధతా కాదా అని ఆలిముల్లోనే రెండు అభిప్రాయాలున్నాయి, దాని జోలికి నేను పోను. కానీ నియ్యత్ చూడండి. అక్కడ పొట్టి చేసింది అదబ్ కోసం. ఇక్కడ పొట్టి చేసేది అర నిమిషం కోసం. ఆ అర నిమిషంలో మళ్ళీ రీల్స్ చూస్తాం.

పొట్టి చేసే అలవాటు కొత్తది కాదని నేనూ ఒప్పుకుంటాను. డమాస్కస్‌లో హదీస్ చెప్పిన ఇబ్న్ అల్ సలాహ్, 1245లో ఇంతికాల్ అయ్యారు, అప్పుడే రాశారు: ప్రవక్త పేరు వచ్చిన ప్రతిసారీ దురూద్ పూర్తిగా రాయండి, మళ్ళీ మళ్ళీ రాయాల్సి వస్తోందని విసుక్కోకండి, రెండక్షరాల గుర్తుతో సరిపెట్టకండి అని. ఆనాడు కాగితం ఖరీదు, సిరా ఖరీదు, చేత్తో రాత. అయినా అలా అన్నారు. ఇప్పుడేమో దురూద్ మొత్తాన్ని ఒకే అక్షరంగా యూనికోడ్‌లో పెట్టారు. ఉర్దూ కీబోర్డులో ఒక్కసారి నొక్కితే సల్లల్లాహు అలైహి వసల్లం పూర్తిగా, అందంగా పడుతుంది. బిస్మిల్లాకు కూడా అలాంటి అక్షరం ఉంది. సలాంకు అది అక్కర్లేదు. ఏ ఫోన్‌లోనైనా సెట్టింగుల్లో షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు. నువ్వు ఆ నాలుగు అక్షరాలే కొట్టు, ఫోన్ దాన్ని విప్పి పూర్తి సలాం చేసి పంపిస్తుంది. మళ్ళీ తంతి ఆఫీసు లాగానే. మా భాంజా ఫోన్‌లో నేనే పెట్టాను, ఒక్క నిమిషం పట్టింది. ఇక బహానా ఏముంది?

వాడు ఇంకో మాట కూడా అన్నాడు. "మామూ, దోస్తుల మధ్య పూర్తిగా రాస్తే కోపం వచ్చిందనుకుంటారు. పొట్టిగా రాస్తేనే దగ్గర." ఇది నిజమే. ప్రతి తరానికీ ఒక దొంగభాష ఉంటుంది. మా హాస్టల్లో మాకూ ఉండేది. దోస్తులతో మీరు ఎలా రాసుకున్నా నాకు పని లేదు. నేను చెప్పేది ఆ భాష రానివాళ్ళ గురించి. నానీకి దోస్తుల భాష రాదు. తనకు రాని భాషలో ఎవరైనా పలకరిస్తే అది దగ్గరతనం ఎలా అవుతుంది?

ఇక బొమ్మల సంగతి. 1982 సెప్టెంబర్ 19న అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్‌మన్ అనే ప్రొఫెసర్ ఒక సలహా ఇచ్చాడు. కంప్యూటర్లలో రాసుకునేటప్పుడు ఎవరో మజాక్ చేస్తే ఇంకొకరు నిజమనుకుని కంగారుపడుతున్నారు. అందుకని మజాక్ మాట పక్కన రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్ పెట్టండి, తల పక్కకు వంచి చూస్తే నవ్వు మొహం కనబడుతుంది అన్నాడు. చూశారా? ఈ గుర్తు పుట్టిందే గలత్‌ఫహ్మీ రాకుండా ఉండటానికి. 1999లో జపాన్‌లో షిగెతకా కురిత 176 చిన్న బొమ్మలు గీశాడు. ఎమోజీ అనేది జపాన్ మాటే, "ఎ" అంటే బొమ్మ, "మోజి" అంటే అక్షరం. 2015లో కాబా, మస్జిద్, తస్బీహ్ బొమ్మలూ వాటిలో చేరాయి. 2016లో జర్మనీలో ఉంటున్న సౌదీ పిల్ల రయూఫ్ అల్‌హుమైదీ, అప్పటికి పదిహేనేళ్ళు, ఇన్ని మొహాలున్నాయి, తలకు ఓఢ్నీ కట్టుకున్న నా మొహం ఎందుకు లేదని అర్జీ పెట్టింది. మరుసటి ఏడాది ఆ బొమ్మ వచ్చేసింది. ఆ పిల్లకు నా సలాం, పూర్తి సలాం. బొమ్మ అంటే ఇజ్జత్ కూడా కావచ్చని ఆమె చూపించింది.

మరి నాకు బాధ ఎక్కడ? ఇప్పుడు నా ఇంటి సంగతి చెబుతాను. రాయడానికి చాలా రోజులు వెనకాడాను.

మా ఫుప్పు పోయింది. అబ్బా తర్వాత మాకు ఆమే పెద్దదిక్కు. చిన్నప్పుడు నాకు అలిఫ్ బే దిద్దించింది ఆమే. ఫజర్ వేళకు ఇంతికాల్. ఎనిమిదింటికి మా చచ్చా ఖాన్‌దాన్ గ్రూపులో ఖబర్ పెట్టారు. జుహర్ తర్వాత జనాజా, వచ్చేవాళ్ళు చెప్పండి, ఆగుతాం అని రాశారు. నేను విజయవాడలో డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చూశాను. గుండె జారిపోయింది. అదే సమయంలో పక్కనుంచి ఎవరో కేకేశారు. తర్వాత ఫోన్ చేసి మాట్లాడదాం అనుకుని ఆ మెసేజ్ కింద ఒక బొటనవేలు పెట్టాను.

నా దృష్టిలో దాని అర్థం "చూశాను" అని. అంతే.

ఫోన్ చేయలేదు. పని మీద పడ్డాను. సెలవు సంగతి తేలేసరికి మధ్యాహ్నం దాటింది. బస్సు దిగేసరికి మగ్రిబ్ అజాన్ అవుతోంది. ఇంటి ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మట్టి ఇచ్చేసి వచ్చి అందరూ నీరసంగా కూర్చున్నారు. చచ్చా నన్ను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నువ్వు బొటనవేలు పెట్టావు కదా బేటా. వస్తున్నావనుకున్నాం. అసర్ దాకా ఆగాం" అన్నారు.

జనాజా విషయంలో ఆలస్యం చేయొద్దని మన దీన్ చెబుతుంది. ఎండాకాలం. నా కోసం, నా ఒక్క వేలి కోసం, మా ఫుప్పు మయ్యత్‌ను జుహర్ నుంచి అసర్ దాకా ఆపారు. ఆమె ఖబర్ మీద నేను వేయాల్సిన మూడు పిడికెళ్ళ మట్టి వేరెవరో వేశారు.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆలోచిస్తే అర్థమైంది. మా చచ్చా తరానికి బొటనవేలు అంటే ఏమిటి? నిశానీ. సంతకం రానివాళ్ళు కాగితం మీద వేసే వేలిముద్ర. తోట కాగితం మీద, సొసైటీ లోను కాగితం మీద, నికానామా మీద. ఒకసారి నిశానీ వేశాక వెనక్కి పోయే మాట లేదు. నేను వేసింది ఆయన నిశానీ అనుకున్నారు. నేను వేసింది ఏమీ లేదు. ఒకే బొమ్మ. ఆయన చదివిన అర్థమే పెద్దది, నా అర్థమే చిన్నది.

ఇది మా ఇంటి గలత్‌ఫహ్మీ మాత్రమే అనుకోకండి. కోర్టుల దాకా పోయింది. రైల్వే రక్షణ దళంలో ఒక అధికారి హత్యకు గురైతే, ఆ ఖబర్ గ్రూపులోకి వచ్చింది. ఒక జవాను దాని కింద బొటనవేలు పెట్టాడు. చావును మెచ్చుకున్నాడని నౌకరీ తీసేశారు. చూశానని చెప్పడానికే పెట్టానన్నాడు అతను. చివరికి 2024లో మద్రాస్ హైకోర్టు అతని మాటే నమ్మి, నౌకరీలోకి తీసుకోమన్న ఫైసలాను ఖాయం చేసింది. మరి కెనడాలో? ఒక రైతుకు ధాన్యం కొనేవాడు అవిసెల ఒప్పందం ఫోటో తీసి ఫోన్‌లో పంపాడు. రైతు బొటనవేలు పెట్టాడు. తర్వాత ధర పెరిగింది, సరుకు ఇవ్వలేదు. కాగితం అందిందని చెప్పానంతే అన్నాడు. 2023లో అక్కడి కోర్టు ఒప్పుకోలేదు. ఆ బొటనవేలు సంతకంతో సమానం అని 82 వేల డాలర్లకు పైగా కట్టమంది. ఒకే వేలు. ఒక కోర్టులో "చూశాను", ఇంకో కోర్టులో "ఒప్పుకున్నాను". జడ్జిలే రెండు రకాలుగా చదివినప్పుడు మా చచ్చాది తప్పని ఎలా అంటాను?

మన నూజివీడు, విస్సన్నపేట వైపు ఇది నవ్వుకునే ముచ్చట కాదు. పూత మీద తోట గుత్తకిచ్చేటప్పుడు, కాయ కోసి నున్న మార్కెట్‌కు తోలేటప్పుడు ధరలన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే నడుస్తున్నాయి. మీ ఇంట్లో ఎవరైనా రేటు మెసేజ్ కింద బొటనవేలు పెట్టే ముందు ఈ కెనడా రైతును యాద్ చేసుకోండి. పాత రోజుల్లో సంతలో పశువుల బేరం తువ్వాలు కింద వేళ్ళు నొక్కి చేసేవాళ్ళు. అదీ గుర్తుల భాషే. కానీ ఏ వేలుకు ఏ లెక్కో రెండు చేతులకూ తెలుసు. ఒక చేతికే తెలిసిన గుర్తుతో బేరం ఉండదు, రిష్తా అసలే ఉండదు.

పిల్లలనే అంటున్నానని పెద్దవాళ్ళు తలలు ఆడించకండి. మీ వంతూ ఉంది. జుమ్మా రోజు పొద్దున్నే గులాబీ పూల ఫోటోలు పది గ్రూపుల్లోకి తోస్తారు. ఎవరో తయారుచేసింది, ఎవరికోసం పంపారో తెలియనిది. మీరు చదవరు, వచ్చినవాళ్ళూ చదవరు. నాలుగు అక్షరాల సలాం పంపినవాడు కనీసం ఆ నాలుగైనా తన వేలితో కొట్టాడు. ఇంట్లో కొడుకు ఉద్యోగం పోయి మూడు నెలలైతే వాడిని పేరు పెట్టి "ఎలా ఉన్నావు బేటా" అని అడగని అబ్బా, రోజూ సబర్ గురించి వీడియో తోస్తాడు. అదీ కంజూసీయే.

నా వృత్తి వంతు కూడా చెప్పేస్తాను. మన పేర్లను తెలుగు వార్తల్లో "ఎస్‌కే", "ఎండీ" అని నేనే వేలసార్లు రాశాను. జాగా ఆదా అని. "షేక్" అని రాస్తే "ఎస్‌కే" కంటే తక్కువ చోటు పడుతుందని ఇన్నేళ్ళు నాకు తట్టనే లేదు. ఒక కాగితంలో ఎస్‌కే, ఇంకో కాగితంలో షేక్ అని పడి, ఇద్దరూ ఒకడేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగే బిరాదర్లు మీ ఊళ్ళోనూ ఉంటారు. ఇతరులకు ఉపదేశం చేసే ముందు నేను ఇది మానుకున్నాను. ఇప్పుడు నా వార్తల్లో షేక్ షేకే, మహమ్మద్ మహమ్మదే.

మరి ఏం చేద్దామంటావు అంటారా? నేను మూడు మాటలే అడుగుతున్నాను. మిగతావన్నీ మీ ఇష్టం, గుండెలు పెట్టుకోండి, నవ్వులు పెట్టుకోండి, మామిడిపండు బొమ్మ కూడా ఉంది, పెట్టుకోండి.

ఒకటి, సలాం. దువాను కోయకండి. పూర్తిగా రాయండి, లేదా నోటితో చెప్పి పంపండి. మీ ఇంట్లో పెద్దవాళ్ళకు ఏ లిపి వస్తే ఆ లిపిలో పంపండి.

రెండు, మౌత్ ఖబర్. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్ అని పూర్తిగా రాయండి. మనం అల్లావాళ్ళం, ఆయన దగ్గరకే తిరిగి పోతాం అనే ఆ మాటలో రెండో సగం కోసేస్తే ఏం మిగులుతుంది? మూడు ఇంగ్లీషు అక్షరాలు పెట్టి వెళ్లిపోకండి. ఏడుపు బొమ్మ పెట్టి చేతులు దులుపుకోకండి. తర్వాత ఫోన్ చేయండి. వీలైతే వెళ్లండి.

మూడు, జబాన్. వస్తానో రానో, ఇస్తానో ఇవ్వనో, ఒప్పుకున్నానో లేదో మాటల్లో చెప్పండి. "చూశాను, మధ్యాహ్నం లోపు చెబుతాను" అని నేను ఆ రోజు నాలుగు మాటలు రాసి ఉంటే చచ్చా జుహర్‌కే జనాజా లేపేవారు.

ఇప్పుడు నేను విస్సన్నపేట వెళ్లినప్పుడల్లా ముందు ఖబరస్తాన్‌కు వెళ్తాను. అక్కడ ఉన్నవాళ్ళకు కూడా మనం సలాం చేయాలి కదా. జవాబ్ వినబడదని అక్కడ ఎవరూ సలాంను పొట్టి చేయరు. నేనూ పూర్తిగానే చెబుతాను, ఫుప్పు దగ్గర రెండుసార్లు.

మొన్న అమ్మీ ఫోన్‌కు భాంజా నుంచి మళ్ళీ మెసేజ్ వచ్చింది. ఈసారి ఉర్దూలో, పూర్తి సలాం. నేను పెట్టిన షార్ట్‌కట్ అనే అనుకున్నాను. కింద ఇంకో లైన్ ఉంది: "నానీ, ఆమ్ మిల్ గయే." రసాలు అందాయట. అది షార్ట్‌కట్ కాదు, వాడే కొట్టాడు. ఒక అక్షరం తప్పు పడింది. అమ్మీ ఆ తప్పును నాకు చూపించి మరీ మురిసిపోయింది.

ఇవాళ మీ ఇంట్లో ఎవరికైనా ఒక పూర్తి సలాం బాకీ ఉంటే తీర్చేయండి. దువాలో యాద్ ఉంచుకోండి.

ఖుదా హాఫిజ్.